షేరు సరే... ఆసామి ఎలాంటివాడు?

2025 ఏప్రిల్ 9. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ అధికారి ఒకరు పుణె దగ్గరి చాకన్‌కు వెళ్లారు. జెన్‌సోల్ ఇంజినీరింగ్ సంస్థ విద్యుత్ కార్ల ప్లాంటు ఉన్నది అక్కడే. 30,000 కార్లకు ముందస్తు ఆర్డర్లు వచ్చాయని ఆ కంపెనీ జనవరిలోనే ఎక్స్ఛేంజీలకు చెప్పుకుంది. అన్ని కార్లు తయారు కావాల్సిన చోట ఎంత సందడి ఉండాలి! అధికారికి కనిపించింది ఇద్దరో ముగ్గురో కూలీలు. తయారీ జాడే లేదు. కరెంటు బిల్లులు తీయించి చూశారు. ఏడాది మొత్తంలో అన్నిటికన్నా పెద్ద బిల్లు 2024 డిసెంబరుది. ఎంతంటే 1,57,037 రూపాయలు.

ఆరు రోజులకు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మధ్యంతర ఉత్తర్వు వెలువడింది. కంపెనీ ‘ఆర్డర్లు’ అని చెప్పుకున్నవి తొమ్మిది సంస్థలతో రాసుకున్న అవగాహన పత్రాలని అందులో తేలింది. వాటిలో కారు ధర లేదు, ఎప్పుడు ఇస్తారో లేదు. 6,400 కార్లు కొంటామని ప్రభుత్వ రంగ సంస్థలైన ఐఆర్‌ఈడీఏ, పీఎఫ్‌సీల దగ్గర అప్పు తెచ్చి, 4,704 మాత్రమే కొన్నారు. 262 కోట్ల రూపాయలకు లెక్క తేలలేదు. చేతులు మారి మారి అందులో 42.94 కోట్లు గురుగ్రామ్‌లోని ‘కామెలియాస్’ విలాస భవన సముదాయంలో ఫ్లాటు కోసం చేరిందని, ఇంకో 26 లక్షలు గోల్ఫ్ సామగ్రికి పోయిందని సెబీ రాసింది. అప్పు వాయిదాలు సక్రమంగా కడుతున్నట్టు నకిలీ లేఖలు పుట్టించి రేటింగ్ సంస్థలకు ఇచ్చారనేది మరో అభియోగం.

పైన పటారం, లోన లొటారం! సరే, మదుపరి ఎవరూ చాకన్‌ దాకా వెళ్లి కరెంటు బిల్లు చూపించమని అడగలేరు. లేఖ నకిలీదో అసలుదో ఇంట్లో కూర్చుని తేల్చలేరు. కానీ ఇదే కంపెనీకి సంబంధించి ఫోన్లోనే కనిపించే సంగతి ఒకటుంది. ఐదేళ్లలో ప్రమోటర్ల వాటా 70.72 శాతం నుంచి 35 శాతానికి దిగింది. అదే ఐదేళ్లలో చిన్న మదుపరుల సంఖ్య 155 నుంచి దాదాపు 1.10 లక్షలకు ఎక్కింది. కొత్త షేర్లు జారీ చేసినప్పుడు ప్రమోటర్ల వాటా పలచబడటం మామూలే. అయినా, కంపెనీ లోగుట్టు తెలిసినవాళ్ల వాటా సగానికి పడిపోతుంటే, ఏమీ తెలియని వాళ్లు లక్షమంది వరసకట్టి లోపలికి వస్తున్నారంటే ఒక్క నిమిషం ఆగి చూడాల్సిన విషయమే కదా.

కంపెనీ నడిపేవాళ్ల నిజాయతీని అంచనా వేయడం అనగానే చాలామంది అదేదో పరిశోధక పాత్రికేయుల పని అనుకుంటారు. నిజానికి మోసాన్ని నిరూపించే బాధ్యత మదుపరిది కాదు. దానికి సెబీ ఉంది, సీబీఐ ఉంది, కోర్టులున్నాయి. కోర్టులో అనుమానం మిగిలితే ఆ లబ్ధి నిందితుడికి దక్కుతుంది. షేరు కొనేచోట మాత్రం అది మన డబ్బుకే దక్కాలి. తేడాగా అనిపించిన కంపెనీని వదిలేస్తే ఎవరికీ అన్యాయం జరగదు. బీఎస్‌ఈలో 5,000కు పైగా కంపెనీలు నమోదై ఉన్నాయి. ఇది కాకపోతే ఇంకొకటి.

అంబులెన్సు నిజం... నగదు అబద్ధం

ఈ పాఠానికి తెలుగువాళ్లు పుణె దాకా వెళ్లాల్సిన పనిలేదు. 1987లో రామలింగరాజు మొదలుపెట్టిన సత్యం కంప్యూటర్స్ 2001 నాటికి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. అబ్బాయికి సత్యంలో ఉద్యోగమంటే పెళ్లి సంబంధాల్లో అదే ఓ అర్హతగా చెల్లిన రోజులవి. గోదావరి పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ మంచినీళ్ల ప్లాంట్లు పెట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు రోడ్డెక్కింది. దాన్ని నడిపిన ఈఎంఆర్‌ఐ కూడా రాజు స్థాపించిందే. బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు కృష్ణ పాలెపు, పెంటియం చిప్‌తో పేరొందిన వినోద్ ధామ్, ఐఎస్‌బీ డీన్ రామ్మోహన్‌రావు ఉన్నారు. ఆడిటరేమో ప్రైస్ వాటర్‌హౌస్. కంపెనీని ఉత్తమంగా నడుపుతున్నందుకు 2008 సెప్టెంబరులో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, రాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో 5,361 కోట్లున్నట్టు చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు. రావాల్సిన వడ్డీగా రాసుకున్న 376 కోట్లు ఉత్తిదే. 1,230 కోట్ల బాకీ పుస్తకాల్లోకే ఎక్కలేదు. ఖాతాదారుల నుంచి రావాల్సిన మొత్తాన్ని 490 కోట్లు పెంచి చూపారు. అన్నీ కూడితే 7,136 కోట్లు. ఆ సెప్టెంబరు త్రైమాసికంలో 649 కోట్ల నిర్వహణ లాభమని లోకానికి చెప్పారు. అసలు లాభం 61 కోట్లు. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి 40కి పడిపోయింది.

108 బండి నిజం. అందులో ఆసుపత్రికి చేరి బతికి బట్టకట్టినవాళ్లు నిజం. రాజు వెళ్లిపోయాక కూడా ఆ సేవ చేతులు మారి కొనసాగింది. బ్యాంకులో 5,040 కోట్లు మాత్రం అబద్ధం. రెండూ ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయి. మన దగ్గర ఓ అలవాటుంది. గుడికి గోపురం కట్టించాడనో, ఊరికి బడి కట్టించాడనో తెలిస్తే ఆసామి లెక్కలూ సరిగ్గానే ఉంటాయనుకుంటాం. దానధర్మాలు, అవార్డులు, బోర్డులో పెద్దపెద్ద పేర్లు... సత్యంలో ఈ మూడూ నిండుగా ఉన్నాయి. మూడూ మదుపరికి అక్కరకు రాలేదు.

మరి ముందే కనిపించినవేమైనా ఉన్నాయా? ఉన్నాయి. 2001లో కంపెనీలో నాలుగో వంతున్న ప్రమోటర్ల వాటా 2008 మార్చికి 9 శాతం లోపునకు కరిగిపోయింది. కంపెనీ ఏటేటా గొప్పగా ఎదుగుతోందని చెబుతూనే, వాళ్లే ఏటేటా తగ్గించుకుంటూ పోయారు.

రెండోది 2008 డిసెంబరు 16న జరిగింది. రాజు కుటుంబ సభ్యులవైన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 160 కోట్ల డాలర్లకు కొనడానికి సత్యం బోర్డు ఒప్పుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకు, అదీ సొంత కొడుకుల కంపెనీలవి ఎందుకు అన్న ప్రశ్నకు ఏ జవాబూ నిలబడలేదు. మదుపరులు భగ్గుమన్నారు. న్యూయార్క్‌లో షేరు సగానికి సగం పడింది. గంటల్లోనే ఒప్పందాన్ని వెనక్కి తీసుకున్నారు. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులను నింపేందుకు చేసిన ఆఖరి ప్రయత్నమే ఆ కొనుగోలు అని తర్వాత లేఖలో ఆయనే రాశారు. కాకపోతే ఆ రహస్యం తెలియకపోయినా మదుపరి నిర్ణయానికి వచ్చి ఉండొచ్చు. వాటాదారుల డబ్బును కుటుంబ కంపెనీల్లోకి మళ్లించాలనుకోవడం ఒక్కటే చాలు.

తర్వాతి మూడు వారాలూ చూడండి. డిసెంబరు 17న బొంబాయిలో షేరు 30 శాతం పడింది. 23న ప్రపంచ బ్యాంకు గుట్టు విప్పింది. తమ సిబ్బందికి అక్రమ ప్రయోజనాలు కల్పించినందుకు సత్యాన్ని ఎనిమిదేళ్లపాటు నిషేధించామని చెప్పింది. నెలాఖరులోగా నలుగురు డైరెక్టర్లు ఒకరి వెనక ఒకరు తప్పుకొన్నారు. ఇన్ని జరిగాక కూడా షేరు తేరుకుంది. జనవరి 6న 179 దగ్గర కొన్నవాళ్లున్నారు. ‘మంచి కంపెనీ, చవగ్గా దొరుకుతోంది’ అన్న లెక్క వాళ్లది.

ఆ రోజుల్లోనే సత్యానికి భాగస్వామిని వెతికే పని డీఎస్‌పీ మెరిల్ లించ్‌కు అప్పగించారు. అది కాగితాలు తిరగేసి, లెక్కల్లో తేడాలున్నాయంటూ కొద్దిరోజుల్లోనే తప్పుకొంది. ఏళ్ల తరబడి ఆడిట్ చేసినవాళ్లకు కనిపించనిది అంత తొందరగా ఎలా కనిపించింది? జవాబులో ఒక ముక్క 2011లో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఇచ్చిన ఉత్తర్వులో దొరుకుతుంది. ఏ కంపెనీకైనా బ్యాంకులో ఎంత డబ్బుందో ధ్రువపరచమని ఆడిటరే నేరుగా బ్యాంకుకు లేఖ రాయాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. సత్యం విషయంలో ఆ లేఖల వ్యవహారాన్ని కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారు. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే. ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ అనుబంధ సంస్థలపై ఎస్‌ఈసీ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. రామలింగరాజు సహా పదిమందికి హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 2015 ఏప్రిల్‌లో ఏడేళ్ల చొప్పున జైలుశిక్ష విధించింది.

చివరి పేజీల నుంచి మొదలు

వార్షిక నివేదికను ముందు నుంచి చదివితే నిద్రొస్తుంది. నిగనిగలాడే ఫొటోలు, ఛైర్మన్ సందేశం, మొక్కలు నాటిన దృశ్యాలు. అనుభవమున్న మదుపరులు వెనక నుంచి, అంటే ఆడిటర్ నివేదిక, ఖాతాల కింద ఇచ్చే నోట్స్ నుంచి మొదలుపెడతారు. అక్షరాలు చిన్నవి. అసలు కథ అక్కడే ఉంటుంది.

వాటిల్లో ముందుగా వెతకాల్సింది సంబంధిత పక్షాల లావాదేవీల నోట్. ప్రమోటర్లకు, వాళ్ల భార్యాపిల్లలకు, అన్నదమ్ములకు ఉన్న ఇతర సంస్థలతో కంపెనీ జరిపిన ప్రతి వ్యవహారం అక్కడ రాయాలి. అద్దె ఎవరికి కడుతోంది? ముడిసరుకు ఎవరి దగ్గర కొంటోంది? పేరు వాడుకున్నందుకు రాయల్టీ ఎవరికి పోతోంది? బావమరిది కంపెనీకి ఇచ్చిన అడ్వాన్సు మూడేళ్లుగా అలాగే ఉండిపోయిందా? కంపెనీ తాను బ్యాంకులో వడ్డీకి అప్పు తెస్తూ, ప్రమోటర్ల సొంత సంస్థకు వడ్డీ లేకుండా చేబదులు ఇస్తోందంటే ఇంకేం చూడనక్కర్లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమే. అన్ని లావాదేవీలూ తప్పు కావు. పెద్ద వ్యాపార కుటుంబాల్లో ఒక కంపెనీ సరుకు ఇంకో కంపెనీకి అమ్మడం సహజం. కాకపోతే ఆ మొత్తం ఏటేటా పెరుగుతోందా, పేర్లు మాటిమాటికీ మారుతున్నాయా అన్నది మూడు నాలుగేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది. గంటన్నర పని.

రెండోది నగదు. లాభం రాసుకునేది, నగదు చేతికొచ్చేది. ఐదేళ్ల లాభాలను ఓ పక్కన కూడాలి. ఆ ఐదేళ్లలో కార్యకలాపాల ద్వారా వచ్చిన నగదును మరోపక్క కూడాలి. రెండోది మొదటిదానికి ఆమడ దూరంలో ఉంటే డబ్బు ఎక్కడో ఇరుక్కుంది, లేదా అసలు అమ్మకమే జరగలేదు. రావాల్సిన బాకీలు ఎన్ని నెలల నాటివో వయసుల వారీగా పట్టిక వేయాలని ఇప్పుడు నిబంధన ఉంది. ఆ పట్టికలో మూడేళ్లు దాటిన గడి బరువెక్కుతుంటే అర్థం చేసుకోవచ్చు.

నగదు నిల్వకు తగ్గ వడ్డీ వస్తోందా అన్నది ఇంకో పరీక్ష. వెయ్యి కోట్లు ఆరు శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి అరవై కోట్లు రావాలి. ఇరవయ్యే వచ్చాయంటే, వెయ్యి కోట్లు ఏడాది పొడవునా అక్కడ లేవన్నమాట. మార్చి 31న ఫొటో కోసం వచ్చి నిలబడ్డాయేమో! ఈ పరీక్షను నెత్తిన పెట్టుకునేవాళ్లు ఓ సంగతి గుర్తుంచుకోవాలి. సత్యం ఆ 376 కోట్ల లేని వడ్డీని కూడా శ్రద్ధగా రాసుకుంది. లెక్క అతికేలా అబద్ధమాడేవాణ్ని లెక్కతో పట్టుకోలేం. అందుకే ఏ ఒక్క పరీక్షా చాలదు. లెక్కలు అతికినా ప్రమోటర్ వాటా, మేటాస్ ఒప్పందం అతకలేదు కదా.

మూడోది ఆడిటర్ రాజీనామా. వడోదరకు చెందిన మన్‌పసంద్ బెవరేజెస్ ‘మ్యాంగో సిప్’ పేరుతో మామిడి పానీయం అమ్మేది. 2018 మేలో వార్షిక ఫలితాల ప్రకటనకు కొద్దిరోజుల ముందు దాని ఆడిటర్ డెలాయిట్ తప్పుకొంది. అడిగిన కీలక సమాచారం ఇవ్వలేదన్నది కారణం. షేరు వరసగా లోయర్ సర్క్యూట్లు (ఒక రోజులో ధర పడగలిగే కనిష్ఠ హద్దు) తాకింది. అమ్ముదామన్నా కొనేవాడు లేడు. ఏడాది తిరిగేసరికి జీఎస్టీ మోసం ఆరోపణలపై కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ అరెస్టయ్యారు. పదవీకాలం మధ్యలో, అందునా ఫలితాల ముందు ఆడిటర్ వెళ్లిపోవడం అంటే పెళ్లిపీటల మీంచి లేచిపోవడమే. ‘వ్యక్తిగత కారణాలు’, ‘పని ఒత్తిడి’ అని రాసినా నమ్మాల్సిన అవసరం లేదు. స్వతంత్ర డైరెక్టర్లదీ, ఆర్థిక విభాగం అధిపతిదీ ఇదే కథ. ఒకరు వెళితే మామూలు. ఏడాదిలో ముగ్గురు వెళితే కాదు.

ఇక తాకట్టు షేర్లు. సత్యం ప్రమోటర్లు తమ షేర్లను కుదువపెట్టి అప్పులు తెచ్చారు, ధర పడగానే అప్పిచ్చినవాళ్లు వాటిని అమ్ముకున్నారు. అప్పటిదాకా ఎన్ని తాకట్టులో ఉన్నాయో బయటికి చెప్పాలన్న నిబంధనే లేదు. 2009 జనవరిలోనే సెబీ దాన్ని తప్పనిసరి చేసింది. ఇప్పుడు మూడు నెలలకోసారి వచ్చే వాటాల పట్టికలో ఈ వివరం ఓ నిలువు వరస. ప్రమోటర్ షేర్లలో సగానికి పైగా తాకట్టులో ఉంటే ఆయన దృష్టి వ్యాపారం మీద కన్నా షేరు ధర మీదే ఉంటుంది. ధర పడితే తన కంపెనీ తనకు దక్కదు మరి. అలాంటివాడికి ఒక త్రైమాసికం లాభం తగ్గిందని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

మాట ఒకటి... చేత ఒకటి

2018 సెప్టెంబరు. యెస్ బ్యాంకు అధిపతిగా రాణా కపూర్ పదవీకాలాన్ని రిజర్వు బ్యాంకు కుదించింది. షేరు కుప్పకూలింది. అప్పుడాయన ట్విటర్‌లో, తన ప్రమోటర్ షేర్లు వజ్రాల్లాంటివని, ఎన్నటికీ అమ్మనని, ముగ్గురు కూతుళ్లకు వారసత్వంగా ఇస్తానని రాశారు. ఏడాది మీద రెండు నెలలకు, 2019 నవంబరులో, ఆయన దగ్గర మిగిలిన షేర్లు 900. వాటి విలువ దాదాపు 58,000 రూపాయలు. 2020 మార్చి 5న బ్యాంకుపై మారటోరియం పడింది. డిపాజిటర్లు 50,000కు మించి తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది.

వజ్రాల మాట నమ్మినవాళ్లను తప్పుపట్టలేం గానీ, అంతకు ఏడాది ముందే ఒక అంకె వార్షిక నివేదికలో కూర్చుని ఉంది. 2015-16లో తమ మొండి బాకీలు 749 కోట్లని బ్యాంకు చెప్పింది. రిజర్వు బ్యాంకు తనిఖీలో తేలింది 4,926 కోట్లు. ఆ మరుసటి ఏడాది తేడా 6,355 కోట్లకు పెరిగింది. అంచనాల్లో కాస్త అటూ ఇటూ కావడం వేరు. చెప్పినదానికి ఆరింతలకు పైగా తేలడం వేరు. ఆ నోట్ చదివినవాళ్లకు తర్వాత ట్వీట్లు చదవాల్సిన పని పడలేదు.

యాజమాన్యం మాటల్ని చేతలతో సరిచూసే వీలు ఇప్పుడు ఎక్కువైంది. ఫలితాల తర్వాత విశ్లేషకులతో జరిపే కాన్ఫరెన్స్ కాల్ సంభాషణలను పెద్ద కంపెనీలు అక్షరం పొల్లుపోకుండా ఎక్స్ఛేంజీ సైట్లలో పెట్టాలి. రెండేళ్ల నాటిది ఒకటి, నిన్నటిది ఒకటి తీసి చదివితే సరదాగా ఉంటుంది. ‘వచ్చే ఏడాది కొత్త ప్లాంటు మొదలవుతుంది’ అన్న మాట ఏమైంది? మొదలుకాకపోతే ఎందుకు కాలేదో చెప్పారా, లేక దాని ఊసే ఎత్తకుండా కృత్రిమ మేధలోకి దూకారా? ఇబ్బంది పెట్టే ప్రశ్న వేసిన విశ్లేషకుడికి అంకెలతో జవాబిచ్చారా, ‘ఆఫ్‌లైన్లో మాట్లాడదాం’ అని దాటేశారా? లాభం పెరిగినప్పుడు ఘనత తమది, తగ్గినప్పుడు తప్పు వానలది అనేవాళ్లు చాలామందే తగులుతారు.

దీనికి పూర్తి భిన్నమైన నమూనా వారెన్ బఫెట్ లేఖల్లో దొరుకుతుంది. 1993లో డెక్స్‌టర్ అనే బూట్ల కంపెనీని తన సంస్థ బర్క్‌షైర్ షేర్లిచ్చి 43.3 కోట్ల డాలర్లకు కొన్నాడాయన. కంపెనీ మునిగింది. 2007 నాటి లేఖలో, తన జీవితంలో అంత చెడ్డ కొనుగోలు మరోటి లేదని, వాటాదారులకు దానివల్ల జరిగిన నష్టం 350 కోట్ల డాలర్లని ఆయనే లెక్కగట్టి రాశాడు. ఎవరూ అడగలేదు. బర్క్‌షైర్ లాభాల్లోనే ఉంది, దాచినా చెల్లేది. మన కంపెనీల ఛైర్మన్ సందేశాల్లో ఇలాంటి పేరా ఒక్కటి వెతికిపట్టుకోవడం కష్టం. దొరికితే మాత్రం ఆ కంపెనీ గురించి ఇంకో గంట చదవొచ్చు.

ఎంత చదివినా పూర్తి భరోసా దొరకదు. బ్యాంకు రశీదులే నకిలీవైతే మదుపరేమిటి, ఆడిటర్ కూడా బోల్తా పడతాడు. అందుకే ఎంత నచ్చిన కంపెనీలోనైనా ఉన్నదంతా ఊడ్చి పెట్టకూడదనేది. మరోవైపు, వాట్సాప్‌లో తిరిగే ఆరోపణలన్నీ నిజాలు కావు. పుకారుకు, కంపెనీ తన సంతకంతో ఎక్స్ఛేంజీకి ఇచ్చిన కాగితానికి చాలా తేడా ఉంది. ఆ రెండో రకమే మదుపరికి ఆధారం.

షేరు కొన్నాక కూడా ఈ చూపు పనికొస్తుంది. వార్షిక సమావేశానికి ముందు ఈ-ఓటింగ్ చేయమంటూ డిపాజిటరీలైన ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్‌ల నుంచి మెయిళ్లు వస్తాయి. చాలామంది తెరవకుండానే చెత్తబుట్టలో వేస్తారు. సంబంధిత పక్షాలతో భారీ లావాదేవీలకు వాటాదారుల ఆమోదం కావాలి. ఆ ఓటింగులో ఆ పక్షాలు అనుకూలంగా ఓటేయడానికి వీల్లేదు. అంటే బంతి బయటివాళ్ల చేతిలోనే ఉంటుంది. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్ వాటాదారులు ఈ ఓటు బలాన్ని మరోరకంగా చూపించారు. బుల్లెట్ బండికి మళ్లీ ప్రాణం పోసిన సిద్ధార్థ లాల్ నిజాయతీ మీద ఎవరికీ సందేహం లేదు. ఆయన మేనేజింగ్ డైరెక్టర్‌గా కొనసాగడమూ అందరికీ ఇష్టమే. గొడవంతా జీతం దగ్గరే. ఆ ప్రత్యేక తీర్మానం గట్టెక్కాలంటే నూటికి 75 ఓట్లు రావాలి, 73 దగ్గర ఆగిపోయింది. కంపెనీలో దాదాపు సగం వాటా ప్రమోటర్లదే అయినా తీర్మానం వీగిపోయింది. బోర్డు పట్టుదలకు పోలేదు. గరిష్ఠ వేతనాన్ని లాభంలో 3 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గించి మళ్లీ వాటాదారుల ముందుకు వచ్చింది. ఈసారి నెగ్గింది.